ఐదు చొక్కాల వారం

మీరు ఇప్పుడు చదవబోయేది ఒక ఇతిహాసం. ఇందులో ఒక కోట ఉంది. కోటకు ఒక ప్రభువున్నాడు. ఆయన కొలువులో ఒక ద్రోహి, దూరదేశం నుంచి వచ్చిన ఒక రాణి, నిండు సభలో లేచి నిజం పలికిన ఒక స్త్రీ ఉన్నారు. చదివేసరికి మీ రక్తం మరగాలి.

సరే, కొంచెం ఎక్కువైంది. కోట అంటే నారాయణఖేడ్‌లో ఒక ఎరువుల దుకాణం పైన మూడు గదులు. ప్రభువు మా డైరెక్టరు. రాణి అంటే చెన్నై నుంచి వచ్చి, మెట్లెక్కుతూ ఎరువుల వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న ఒక ఆఫీసరమ్మ. ద్రోహిని నేను. మీ రక్తం సంగతి మీ ఇష్టం, నాది మాత్రం ఇంకా మరుగుతూనే ఉంది. చల్లారాక రాద్దామని ఏడాదిన్నర ఆగాను. చల్లారేలా లేదు.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే ముందు రిటైర్ కావాలి కదా. అయ్యాను, ఇరవై ఏడేళ్ల వయసులో, ఒక మంగళవారం మధ్యాహ్నం. ఎవరూ శాలువా కప్పలేదు. డిగ్రీ చేతికి రాగానే ఊళ్లో ఏదో ఒక భాషా కేంద్రంలో టీచరుగా చేరబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇది పనికొస్తుందని రాస్తున్నాను. పనికి రాకపోతే కనీసం చొక్కాల విషయంలో జాగ్రత్తగా ఉంటారు.

మాది భాషా సాంస్కృతిక కేంద్రం. పొద్దున స్పోకెన్ ఇంగ్లిషు, సాయంత్రం హిందీ, ఆదివారం కోలాటం. 'సాంస్కృతిక' అన్న మాటకు ఆ కోలాటమే ఆధారం. ఇంగ్లిషు నేను చెప్పేవాణ్ని. హిందీ చెప్పేది సర్కారు బడిలో రిటైరైన ఒక పెద్దాయన. ఎండాకాలం కూడా స్వెట్టరు విడిచేవాడు కాదు. నన్ను బేటా అనేవాడు. నాకు తెలిసినంతలో ఆ మూడు గదుల్లో నిజంగా భాష వచ్చిన మనిషి ఆయనొక్కడే.

ఒక ఏడు మాకు అదృష్టం పట్టింది. చెన్నైలోని ఒక పెద్ద కంపెనీ తన సామాజిక బాధ్యత కింద పల్లెటూరి ఆడవాళ్లకు ఉచితంగా ఇంగ్లిషు నేర్పించాలనుకుంది, మా కేంద్రాన్ని ఎంచుకుంది. మర్నాటికల్లా బ్యానర్ వేలాడింది. 'సామాజిక బాధ్యత మా ఊపిరి' అని దాని మీద రాయించాడు డైరెక్టరు. ఊపిరి ఎట్లా ఆగుతుందో తర్వాత చూశాను.

కంపెనీ పెట్టిన షరతు చిన్నదే. వారానికి ఐదు రోజులు, రోజుకు గంట పాఠం. పాఠం జరిగిందని రుజువుగా రోజూ ఒక ఫోటో పంపాలి. ఫోటోలో బోర్డు మీద తేదీ కనిపించాలి, టీచరు కనిపించాలి, కనీసం ఇరవై మంది ఆడవాళ్లు కనిపించాలి. నేర్చుకున్నారా లేదా అన్నది ఫోటోలో కనిపించేది కాదు కాబట్టి దాని గురించి షరతేమీ పెట్టలేదు.

మొదట్లో పాఠాలు నిజంగానే చెప్పాను. ఇది గుర్తు పెట్టుకోండి, ఈ కథలో నేను గొప్పలు చెప్పుకోగలిగింది ఇదొక్కటే. కల్హేర్ నుంచి, సిర్గాపూర్ నుంచి, బోరంచ వైపు నుంచి ముప్పై మంది ఆడవాళ్లు షేర్ ఆటోల్లో వచ్చేవాళ్లు. పత్తి ఏరే రోజులు. చేతివేళ్ల చివర్లు పత్తికాయల మొనలకు గీసుకుపోయి ఉండేవి, అయినా పెన్ను గట్టిగా పట్టుకునేవాళ్లు. అంకెలు నేర్పాను, వారాలు నేర్పాను, కావాలి వద్దు ఉంది లేదు నేర్పాను. పదకొండు రోజులు.

పన్నెండో రోజు డైరెక్టరు నన్ను పిలిచాడు.

"డిగ్రీ పోరగాండ్లు ఇంకో బ్యాచ్ అడుగుతుండ్రు. ఫీజు బ్యాచ్. గదే టైము, గదే గది గావాలె వాళ్లకు."

"మరి ఆడవాళ్లు సార్?"

"ఫ్రీ వాళ్లు యాడికి పోతరు? సోమారం సోమారం రమ్మను. ఫోటోల సంగతి నువ్వు చూస్కో. నీకు తెలివి ఉంది కదా."

నాకు తెలివి ఉందని నాతో అన్న మొదటి మనిషి ఆయన. ఆ మాట నిలబెట్టుకోవాలనిపించింది. చూడండి, ఇక్కడ మీరు డైరెక్టరును తిట్టుకుంటారు. తిట్టుకోండి. కానీ ఆయన నోటి నుంచి వచ్చింది 'చూస్కో' అన్న ఒక్క మాటే. చొక్కాల ఆలోచన పూర్తిగా నాది.

తలుపు వెనక మేకుకు ఐదు చొక్కాలు తగిలించాను. సోమవారం నీలం, మంగళవారం గళ్లది, బుధవారం తెల్లది, అట్లా. సోమవారం ఆడవాళ్లు రాగానే బోర్డు మీద ఆ రోజు తేదీ వేసి ఒక ఫోటో. చొక్కా మార్చి, తేదీ తుడిచి మంగళవారం వేసి ఇంకో ఫోటో. ఫోటోకూ ఫోటోకూ మధ్య ముందు వరుస వెనక్కి, వెనక వరుస ముందుకు. ఒకరి స్కార్ఫు ఇంకొకరు కప్పుకోవాలి. శుక్రవారం వేరే గోడ వైపు తిరిగి కూర్చోవాలి. ఇరవై నిమిషాల్లో వారమంతా అయిపోయేది. రోజుకొకటి చొప్పున చెన్నైకి పంపేవాళ్లం. జనం తగ్గిన రోజు హిందీ సారు తలకు తువ్వాలు చుట్టుకుని వెనక బల్ల మీద అటు తిరిగి కూర్చునేవాడు. ఆ కంపెనీ ఫైళ్లలో ఆయన ఈ రోజుకీ సాధికారత పొందిన గ్రామీణ మహిళ.

ఆడవాళ్లు మొదటి సోమవారం పడీపడీ నవ్వారు. రెండో సోమవారం తమంతట తామే స్కార్ఫులు మార్చుకున్నారు. ఇంగ్లిషు క్లాసు అంటే ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకున్నారు. పెళ్లికి పోతే వీడియో వాడు నిలబెట్టినట్టల్లా నిలబడతాం కదా, ఇదీ అట్లాంటి రివాజేనని వాళ్ల నమ్మకం. వాళ్లకు ఇంగ్లిషు రాదు, నాకు సిగ్గు రాదు. రెండూ కలిసి బండి నడిచింది.

ఒకామె మాత్రం నవ్వలేదు. సిర్గాపూర్ ఆమె. ముప్పై ఐదేళ్లుంటాయి. పదో తరగతి పాసైంది. మొగుడు హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయి ఏడేళ్లు. ఇద్దరు పిల్లలతో, అత్తతో ఈమె ఇక్కడ. ఆమె పెద్దమ్మ కూతురు హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పని చేస్తుంది. అక్కడ కొత్త బిల్డింగు తెరుస్తున్నారు, ఆడవాళ్లను వార్డు పనిలోకి తీసుకుంటున్నారు, ఉండడానికి గది కూడా ఇస్తారు. కాకపోతే ఇంటర్వ్యూలో ఇంగ్లిషు నాలుగు ముక్కలు అడుగుతారు. ఆ నాలుగు ముక్కలు వస్తే మొగుడు, తను, పిల్లలు, నలుగురూ ఒక గదిలో ఉంటారు. రాకపోతే ఇప్పుడున్నట్టే, పండక్కీ పబ్బానికీ ముఖాలు చూసుకుంటారు. ఆమె ఇదంతా మొదటి రోజే నాకు చెప్పింది. అందుకే ముందు బల్ల ఎప్పుడూ విడిచిపెట్టేది కాదు. ఫోటోలకు వెనక్కి పొమ్మంటే మాత్రం పోయేది, పాపం.

మూడో సోమవారం ఐదో చొక్కా విప్పుతుంటే అడిగింది.

"సారూ, ఫోటోలు అయినయి గదా. ఇగ పాఠం చెప్తవా?"

"రేపు చెప్తా అక్కా."

"రేపటి ఫోటో గూడ అయిపోయింది. రేపు నువ్వు ఉంటవా మరి?"

నేను నవ్వాను. జోకులు వేసేవాడికి ఉండే జబ్బు అది. ఎవరైనా నిజం మాట్లాడితే, జోకు ఎంత బాగా వేశారో అనుకుంటాడు.

మంగళవారం ఆమె నిజంగానే వచ్చింది. పత్తి కూలి మానుకుని, ఆటోలో కూర్చుని వచ్చింది. గదిలో ఫీజు బ్యాచ్ ఉంది. డిగ్రీ కుర్రాళ్లతో గ్రూప్ డిస్కషన్ చేయిస్తున్నాను. అంశం గ్రామీణ మహిళా సాధికారత. కిటికీలోంచి చూస్తే మెట్ల మీద ఆమె కూర్చుని ఉంది, నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని. లోపల ఒక కుర్రాడు గ్రామీణ మహిళకు కావలసింది అవకాశమే అని బల్ల గుద్ది చెబుతున్నాడు. నేను వాడికి పదికి ఎనిమిది మార్కులు వేశాను. క్లాసయ్యాక బయటికొచ్చి చూస్తే ఆమె లేదు.

టీ తాగుతూ హిందీ సారుతో అన్నాను, "ఇది తప్పు కదా సార్."

ఆయన టీ ఒక గుక్క తాగి ఆలోచించాడు. "తప్పే బేటా. ఈ చాయ్‌ల చక్కెర తక్వ అయింది, గదీ తప్పే. ఎన్నని చూస్తవ్."

"అంటే వదిలేయాలా?"

"నేను ముప్పై ఏండ్లు సర్కారు బడిల చేసిన. ఇన్స్‌పెక్షన్ వస్తుందంటె పక్క బడి పిల్లలను తెచ్చి కూసోబెట్టినం. గా పిల్లలు ఇప్పుడు టీచర్లు. వాళ్లు గదే చేస్తుండ్రు. నేర్పలేదని ఎట్లంటవ్?"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ నవ్వుల మీద నాకు ఇప్పుడు ఎంత కోపమో చెప్పలేను. మా కేంద్రంలో ఎవ్వరూ చెడ్డవాళ్లు కారు. అందరం సరదా మనుషులం. సరదాగానే ముప్పై మంది ఆడవాళ్ల కూలి రోజులు తినేశాం.

నాలుగో నెలలో కబురొచ్చింది, చెన్నై మేడం చూడటానికి వస్తోందని. గదులకు సున్నం పడింది. కోలాటం కర్రలు కొత్తవి వచ్చాయి. ముప్పై మందినీ రప్పించే పని నాకు పడింది. వాళ్లలో ఒకరు లేచి రెండు నిమిషాలు మాట్లాడాలన్నాడు డైరెక్టరు. నేను సిర్గాపూర్ ఆమె పేరు చెప్పాను. ఇంటర్వ్యూ నెలాఖరులో ఉంది, చెప్పుకోవడానికి బాగుంటుందని.

"ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు రాసి బట్టీ పట్టిద్దామా సార్?" అని అడిగాను.

"ఏందిర బయ్, మధ్యల మర్చిపోతె ఇజ్జత్ పోతది. తెలుగుల మాట్లాడమను. గా మేడానికి తెలుగు రాదు, హిందీ రాదు. నువ్వు పక్కన నిలబడి ఇంగ్లిష్ల చెప్పు. ఆమె ఏమన్న మాట్లాడని, నువ్వు చెప్పిందే మేడం చెవుల పడుతది."

ఆ మాట నేను చాలాసార్లు గుర్తు చేసుకుంటాను. భాషలు నేర్పే కేంద్రం నడిపే మనిషికి భాష విలువ ఎంత బాగా తెలుసో చూడండి. రాని వాళ్లను రాకుండానే ఉంచితే ఎంత లాభమో ఆయనకు తెలిసినంతగా ఏ ప్రొఫెసరుకూ తెలియదు.

మేడం వచ్చింది. చెడ్డ మనిషి కాదు, అదే కష్టం. అందరికీ నమస్కారం పెట్టింది, కోలాటానికి తల ఊపింది, ఇచ్చిన కొబ్బరినీళ్లు పూర్తిగా తాగింది. తర్వాత నోటుపుస్తకం తీసి, ఈ క్లాసుల వల్ల మీ జీవితంలో ఏం మారిందో ఒకరు చెప్పండి అంది. నేను తెలుగులో చెప్పాను. సిర్గాపూర్ అక్క లేచింది. నేను పక్కన నిలబడ్డాను, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో. బుధవారం చొక్కా.

ఆమె గొంతు పెంచలేదు. బస్సు కోసం నిలబడి మాట్లాడినట్టు మాట్లాడింది.

"మేడం, మేము ముప్పై మందిమి వచ్చినం. సారు లెవెన్ రోజులు చెప్పిండు. మంచిగ చెప్పిండు, అబద్దమెందుకు. గా తర్వాత ఫోటోలే దించిండు. సోమారం ఒక్కనాడే వారం ఫోటోలన్నీ దించుతడు. నెలాఖరుకు నాకు దవాఖానల ఇంటర్వ్యూ ఉంది. నాకు పాఠం గావాలె మేడం. ఫోటోలు సాలు."

డైరెక్టరు మొహం మీద నవ్వు అట్లాగే ఉంది, కళ్లు మాత్రం నా మీదికి తిరిగాయి. మేడం కూడా నా వైపు చూసింది, పెన్ను పట్టుకుని.

ఇతిహాసంలో అయితే కథానాయకుడు ఇక్కడ మారిపోతాడు. నేను చక్కటి ఇంగ్లిషులో ఇట్లా చెప్పాను: ఈ క్లాసులు తనకు ఎంతో ఆత్మవిశ్వాసం ఇచ్చాయని, సార్లు బాగా చెప్పారని, ఇప్పుడు తను హైదరాబాదులో ఒక ఆస్పత్రి ఇంటర్వ్యూకు వెళ్తోందని, ఇంకా క్లాసులు కావాలని కోరుతోందని అంటోంది. విడదీసి చూడండి, అందులో ఏ ముక్కా పూర్తి అబద్ధం కాదు. అంత శుభ్రమైన పని నేను ఆ కేంద్రంలో ఇంకేదీ చేయలేదు.

మేడం చప్పట్లు కొట్టింది. అక్క కూర్చోలేదు. నా మొహంలోకి చూస్తోంది.

"నువ్వు లెవెన్ అనలే," అంది.

"అక్కా, కూసో."

"నేను లెవెన్ అన్న. ఇంగ్లిషుల గూడ లెవెన్ లెవెనే గదా, నువ్వే చెప్పినవ్. నీ మాటల నాకు లెవెన్ వినబడలే. ఫోటో వినబడలే. నువ్వు ఇంకేందో చెప్పినవ్."

ఆత్మవిశ్వాసానికి ఇంగ్లిషు ఆమెకు తెలియదు. కానీ తను చెప్పినవాటిలో ఏ రెండు మాటలు ఏ భాషలోనైనా అట్లాగే వినపడాలో ఆమెకు తెలుసు. వాటి కోసం చెవులు పెట్టుకుని కూర్చుంది. అవి రాలేదు. నా అనువాదాన్ని అంత జాగ్రత్తగా విన్నవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆమె మేడం వైపు తిరిగింది. ఒక్కో మాటా బావిలోంచి చేదినట్టు పైకి తీసింది.

"మేడం. లెవెన్ డేస్, క్లాస్. ఆఫ్టర్, నో క్లాస్. ఓన్లీ ఫోటో. ఐ వాంట్ క్లాస్."

అయిపోయింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే గుండె మీంచి బరువు దిగింది. నేను చేయలేని పని ఆమె చేసింది, ఇక కోట కూలుతుంది, కూలితే నేను కూడా దాని కింద పడి పోతాను, మంచిదే.

మేడం కుర్చీలోంచి లేచింది. కళ్లలో నీళ్లు. రెండు చేతులూ చాచి వెళ్లి అక్కను కౌగిలించుకుంది. ఈమె ఇంగ్లిషు మాట్లాడుతోంది, చూశారా, ఇంగ్లిషు మాట్లాడుతోంది అంటోంది డైరెక్టరుతో. నాలుగు నెలల కింద ఒక్క ముక్క రాని మనిషి, అందరి ముందూ ఎంత ధైర్యంగా. మేడం చప్పట్లు కొడితే ఆడవాళ్లందరూ కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది డైరెక్టరు.

నేను అప్పుడు నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. మేడం, ఆమె ఫిర్యాదు చేస్తోంది, క్లాసులు జరగలేదంటోంది అన్నాను, ఇంగ్లిషులోనే. మేడం నా భుజం తట్టింది. తెలుసు తెలుసు, ఇంకా క్లాసులు కావాలంటోంది, నేర్చుకోవాలన్న ఆకలి అంటే ఇదే, రాసుకున్నాను అంది. పుస్తకంలో చూపించింది కూడా. రాసుకుంది. తర్వాత అక్కను మధ్యలో నిలబెట్టి ఫోటో దిగింది. ఎయిర్‌పోర్టుకు ఆలస్యమవుతోందని జల్దీ జల్దీగా కారెక్కింది. పోయే ముందు, వచ్చే ఏడాది కూడా మీతోనే అని డైరెక్టరుకు మాటిచ్చింది.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో చెప్పండి. డైరెక్టరు మీద అయితే సులువు. కానీ ఒక మనిషి 'నో క్లాస్' అని స్పష్టంగా చెబితే, ఆ రెండు మాటల అర్థం వదిలేసి ఉచ్చారణకు మురిసిపోయే దయ ఉంది చూశారూ, నాకు దాని మీద కోపం. బాధ్యత తీరిందని అనిపించుకోవాలన్న తొందరలో చెవులు మూతపడిపోతాయి. మనవాళ్లు బాగుపడ్డారని కళ్లనీళ్లు పెట్టుకోవడానికి వచ్చినవాళ్లు, బాగుపడలేదని చెప్పినా అవే కళ్లనీళ్లు పెట్టుకుని పోతారు. ఆ కళ్లనీళ్లు రావడానికి కావలసిన సరుకంతా తయారు చేసి పెట్టింది నేను. కాబట్టి కోపంలో పెద్ద వాటా నాకే రావాలి, తీసుకున్నాను.

కారు సందు తిరగ్గానే డైరెక్టరు అక్కను పిలిచాడు.

"చేసినవ్ గదా నాటకం. నీకు సర్టిఫికెట్ లేదు, ఏం లేదు. పో."

"కాగితం నాకెందుకు సారూ? కాగితం మాట్లాడుతదా?" అంది. దుమ్ము పట్టిన చెప్పులేసుకుని మెట్లు దిగింది. నేను వెనకాలే దిగాను. దుకాణం ముందు యూరియా బస్తాల పక్కన ఆగి తిరిగింది.

"ఇంటర్వ్యూకు పద్దెనిమిది రోజులుంది. చెప్తవా, చెప్పవా? చెప్పకుంటె చెప్ప అను. రేపు అనకు."

"చెప్తా అక్కా."

"యాడ?"

"మీ ఇంటికాడ. రోజూ. నేనే వస్తా."

"ఏ చొక్కా ఏస్కొని వస్తవ్?" అని ఆటో ఎక్కింది. జోకు బాగుంది. ఈసారి నవ్వలేదు.

మర్నాడు మంగళవారం, రాజీనామా. ముందురోజు రాత్రి కూర్చుని నాలుగు పేరాలు రాశాను, ఇంగ్లిషులో. విలువలు, అంతరాత్మ, చరిత్ర వంటి పెద్ద మాటలన్నీ పడ్డాయి. డైరెక్టరు ముందు నిలబడి చదువుదామనుకున్నాను. ఆయన ఫోన్లో ఉన్నాడు. కాగితం బల్ల మీద పెట్టమని సైగ చేశాడు. పెట్టాను. గుమ్మం దాటుతుంటే ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "కిందికే పోతున్నవ్ గదా, మోటర్ బంద్ చేసి పో," అన్నాడు. బంద్ చేసి పోయాను. నీళ్లు పొంగిపోతున్నాయి మరి.

హిందీ సారు మెట్ల దగ్గర స్వెట్టరు గుండీలు పెట్టుకుంటున్నాడు. "మంచి పని చేసినవ్ బేటా," అన్నాడు. "మరి సోమారం ఫోటోలల్ల టీచరు ఎవరు?" వెక్కిరింపు కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

పద్దెనిమిది రోజులు, సాయంత్రం నాలుగున్నరకు, పత్తి పని నుంచి వాళ్లు ఇల్లు చేరే వేళకు బండి మీద సిర్గాపూర్ పోయాను. మొదటి రోజు అక్క ఒక్కతే. మూడో రోజుకు ఏడుగురు. ఆస్పత్రిలో ఏం మాట్లాడతారో నాకూ తెలియదని అప్పుడు తెలిసింది. నారాయణఖేడ్‌లో ఒక కాంపౌండరును పట్టుకుని రాసుకుని, పొద్దున నేర్చుకుని సాయంత్రం చెప్పేవాణ్ని. ఎక్కడ నొప్పి, లేవకండి, నెమ్మదిగా, నర్సును పిలుస్తాను, మళ్లీ చెప్పండి.

రోగి వేషం అక్క అత్తది. పుట్టిల్లు బీదర్ వైపు. నులక మంచం మీద పడుకోమంటే ముందు తిట్టింది, పడుకున్నాక లేవనంది.

"వేర్ ఈజ్ పెయిన్?" అంది అక్క.

"హొట్టె నోవు," అని కన్నడంలో మూలిగింది ముసలామె, కడుపు పట్టుకుని.

"అత్తా, ఇంగ్లిషుల చెప్పాలె."

"నొప్పి నాది. నా ఇష్టమొచ్చిన భాషల మూల్గుత. నువ్వు నౌకరి చేసేదానివి, నువ్వు నేర్చుకో."

పక్కింటి ఆమె అందుకుంది. "నడుం మీద చెయ్యి పెట్టి అట్లడుగుతె రోగి లేశి ఉరుకుతడె. కొంచెం నవ్వుకుంట అడుగు."

"కడుపునొప్పోని ముందట నవ్వుతరా?"

"నవ్వకుంటె దవాఖాన బిల్లు అడిగినట్టుంది నీ మొకం."

వాళ్లు నవ్వుతుంటే నాకు మా కేంద్రంలో మొదటి సోమవారం నవ్వు గుర్తొచ్చి ఒళ్లు మండేది. ఈ ఏడుగురే, ఇవే నోళ్లు. నాలుగు నెలలు ఉన్నాయి మాకు. రోజుకు గంట చొప్పున. ఆ గంటల్లో నేను చొక్కాలు మార్చాను. నాలుగు నెలల పని పద్దెనిమిది రోజుల్లో ఇరికిస్తుంటే అక్క ఒక్కోసారి మాట తడబడి, ఏడుపు ఆపుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. ఏడుస్తుందేమోనని నేను భయపడేవాణ్ని. ఆమె మాత్రం "ఊకె చూడకు తమ్మీ, తర్వాతది చెప్పు," అనేది. సారు నుంచి తమ్ముడి దాకా వచ్చాను. నా ఉద్యోగ జీవితంలో వచ్చిన ప్రమోషను అదొక్కటే.

ఇంటర్వ్యూ రోజు నేను వెళ్లలేదు. మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"తమ్మీ, అయింది. ఐదు అడిగిండ్రు. నాలుగు చెప్పిన. ఒకటి సమజ్ కాలే. ప్లీజ్ సే ఎగైన్, స్లోలీ అన్న. గాయన నవ్వి మల్ల చెప్పిండు, గప్పుడు చెప్పిన. ఒకటో తారీఖు రమ్మన్నరు."

"సంతోషం అక్కా."

"మిగతా ఆరుగురికి చెప్పుడు ఆపకు. నేను లేనని ఎగ్గొడుతవ్ నువ్వు."

నెల తిరక్కుండా మా పాత కేంద్రం ముందు కొత్త బ్యానర్ పడింది. దాని మీద మేడం పక్కన అక్క నిలువెత్తు ఫోటో. కింద, 'మా విద్యార్థిని. ఉద్యోగం సాధించింది.' నేను ఆ మెట్లు మళ్లీ ఎక్కాను, గొడవ పెట్టుకోవడానికే. డైరెక్టరు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"ఫోటోల ఉన్నది ఆమెనా, కాదా?"

"ఆమెనే."

"మన క్లాసుకు వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

"నౌకరి దొరికిందా?"

"దొరికింది."

"మరి దీంట్ల అబద్దం ఏది? చూపెట్టు, తీసేస్త."

ఏ ముక్కా పూర్తి అబద్ధం కాదు. అట్లా మాట్లాడటం ఆ గదిలో మొదలుపెట్టింది ఎవరో నాకు తెలుసు కాబట్టి లేచి వచ్చేశాను. చెన్నై కంపెనీకి జరిగిందంతా మెయిలు రాశాను. తేదీలు, చొక్కాల రంగులు, హిందీ సారు తువ్వాలు, ఏదీ దాచకుండా, నా పేరుతో సహా. మీ విలువైన సలహాకు ధన్యవాదాలు అని జవాబొచ్చింది. ఇంకోసారి రాశాను. మళ్లీ ధన్యవాదాలు చెప్పారు. మర్యాదకు లోటు లేదు. మిగతా ఆరుగురికి ఇప్పటికీ చెబుతున్నాను, ఆదివారాలు.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఏదైనా కేంద్రంలో చేరితే మొదటి రోజు బ్యానర్ కాదు, గది తలుపు వెనక ఏం వేలాడుతోందో చూడండి. ఇంతకంటే పెద్ద ఉపదేశం నా దగ్గర లేదు.

మొన్న అక్కకు ఫోను చేశాను. నాలుగో అంతస్తులో ఒక గది ఇచ్చారు. నలుగురూ అందులోనే ఉంటున్నారు, అత్త నెలకు పది రోజులు వచ్చి పోతోంది. వార్డులో ఇంగ్లిషు బాగా పనికొస్తోందా అని అడిగాను.

"వార్డు యాడిది తమ్మీ? చేతులు గట్టిగున్నయని లాండ్రిల ఏసిండ్రు. దుప్పట్లు, గౌన్లు, మిషన్లు. గా సప్పుడుల ఇంగ్లిషు కాదు, తెలుగు గూడ వినబడదు."

డ్యూటీ పొద్దున ఏడు నుంచి మూడు వరకు. నా పాఠం ఉండే ఆదివారం ఆమెకు సెలవు లేదు, బదులు బుధవారం ఇస్తారు.